డి సికా ఒకడా, ఇద్దరా? పాటల హీరో నుంచి ‘ఉంబెర్టో డి’ దాకా

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ‘బైసికిల్ థీవ్స్’ చూశాక దాని దర్శకుడు, ఇటలీవాడైన విట్టోరియో డి సికా అంటే గౌరవం కలిగింది. తీరా వెతికితే ఆ మనిషే పాటలు పాడిన హీరో, పల్లెటూరి పోలీసు వేషంలో జనాన్ని నవ్వించిన నటుడు, సోఫియా లారెన్‌తో కామెడీలు తీసిన డైరెక్టరు. మరి నియోరియలిజం (యుద్ధం తర్వాత ఇటలీలో మామూలు జనం బతుకును వీధుల్లోకి వెళ్లి చూపించిన సినిమా ధోరణి) ఆయనకు నాలుగు రోజుల ముచ్చటేనా? తర్వాత డబ్బుకు అమ్ముడుపోయాడా? నటన రాని మనుషులతో అంత బాగా ఎలా చేయించాడు? ఏది ముందు చూడాలి, ఏది వెనక? మన దేశపు సినిమాతో ఆయనకేమైనా సంబంధం ఉందా?

సూటిగా చెప్తాను. అమ్ముడుపోలేదు. డి సికా మొదట నటుడు, చివరిదాకా నటుడే. పేదల మీద తీసిన ఆ సినిమాలు నిలబడింది నటుడిగా తెచ్చుకున్న పారితోషికం మీద. వాటిలో మనల్ని కదిలించేది కూడా నటుడి కన్నే: మనిషి చెయ్యి ఎలా చాస్తాడు, టోపీ దుమ్ము ఎలా దులుపుతాడు అని చూసే కన్ను. వేషాలు వేసిన డి సికాను పక్కన పెట్టి దర్శకుణ్ణి ఒక్కణ్ణే చదివితే లెక్క తేలదు. కాకపోతే ఆ తర్వాత తీసినవన్నీ గొప్పవేనని నేననను. నీరసమైనవీ ఉన్నాయి, వాటి పేర్లూ చెప్తాను.

ముందు హీరో సంగతి

1901 జులై 7న రోముకు ఆగ్నేయంగా ఉన్న సోరా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి ఉంబెర్టో బ్యాంకు గుమాస్తా. బాల్యం నేపుల్స్‌లో గడిచింది. ఆ ఊరి యాస, చేతులు తిప్పుతూ మాట్లాడే పద్ధతి, అబద్ధాన్ని కూడా అందంగా చెప్పే తీరు జీవితాంతం ఆయన్ని వదల్లేదు. చదివింది అకౌంట్లు. 1923లో తత్యానా పావ్లోవా నాటక సంస్థలో చేరాడు. 1932లో మారియో కామెరీని తీసిన ‘ఎంత తుంటరులో ఈ మగాళ్లు’ అనే సినిమాతో ఒక్కసారిగా స్టారయ్యాడు. అందులో ఆయన పాడిన ‘పార్లామీ దామోరె మారియూ’ పాట ఇటలీలో ఇప్పటికీ పెద్దవాళ్లందరికీ నోటికి వచ్చు.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఆ సినిమాలో హీరో కారు డ్రైవరు. యజమాని కారును తనదేనన్నట్టు నడిపి అమ్మాయి ముందు గొప్పలు పోతాడు. చాలా భాగం స్టూడియోలో కాకుండా మిలాన్ వీధుల్లో, అక్కడి వాణిజ్య ప్రదర్శనలో తీశారు. 1937లో అదే కామెరీనితో చేసిన ‘ఇల్ సిన్యోర్ మాక్స్’లో హీరో పత్రికలు అమ్ముకునేవాడు, పెద్దింటివాడిలా వేషం కట్టి ఓడలో ధనవంతుల మధ్య తిరుగుతాడు. జేబు ఖాళీగా ఉన్నా కాలరు నలగనివ్వని మనిషి, పరువు కోసం నటించే మనిషి. ఈ మనిషినే పదిహేనేళ్ల తర్వాత డి సికా పింఛనుదారుగా మార్చి ‘ఉంబెర్టో డి’ తీశాడు. అక్కడ నవ్వు తీసేశాడు, అంతే.

1935లో కామెరీని సినిమా ‘మిలియన్ ఇస్తాను’లో వేషం వేస్తున్నప్పుడు దాని రచయితల్లో ఒకడైన చెజారె జవట్టినీ పరిచయమయ్యాడు. మన దగ్గర బాపు–రమణ అన్నట్టు ఇటలీలో డి సికా–జవట్టినీ అంటారు. ఆ తర్వాత నలభై ఏళ్లు ఇరవైకి పైగా సినిమాలు కలిసి చేశారు. జవట్టినీది ఆలోచన: ఒక మామూలు మనిషి వెనకాలే నడుస్తూ పోతే కథ దానంతట అదే దొరుకుతుందని. డి సికాది చెయ్యి: ఆ నడకను తెర మీద నమ్మించడం. ఒకరు లేకుండా రెండోవారి సినిమా చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

1940 నుంచి దర్శకత్వం మొదలుపెట్టాడు. మొదటి నాలుగు తేలికపాటి కామెడీలు. తీరిక ఉంటే వాటిలో ‘తెరెసా వెనెర్దీ’ చూడండి, లేకపోతే వదిలేయండి. అసలు మలుపు యుద్ధం మధ్యలో తీసిన ‘పిల్లలు మనల్ని చూస్తున్నారు’. తల్లి ఇల్లు వదిలిపోతుంది, తండ్రి కుమిలిపోతాడు, ఇదంతా ప్రికో అనే చిన్న పిల్లాడి కళ్ల ఎత్తు నుంచి చూపిస్తాడు. ఆ పేరే తర్వాతి సినిమాలన్నిటికీ సరిపోతుంది. 1943–44 చలికాలంలో రోము జర్మన్ల చేతిలో ఉన్నప్పుడు, ఫాసిస్టులు సినిమావాళ్లను ఉత్తరాదికి రమ్మంటుంటే, వాటికన్ అండతో లోరెతో అనే పుణ్యక్షేత్రానికి సాగే యాత్ర మీద ‘స్వర్గ ద్వారం’ అనే సినిమా తీస్తూ షూటింగును కావాలనే సాగదీశాడు. సెట్టు మీద ఉన్నవాళ్లలో చాలామందికి ఆ సినిమా ఒక రక్షణ. మిత్రసేనలు వచ్చేదాకా అలా నెట్టుకొచ్చాడు.

నటన రానివాళ్లతో ఎలా చేయించాడు

ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకునేది ఇదే. నియోరియలిజం అంటే స్క్రిప్టు లేకుండా కెమెరా పట్టుకుని వీధిలోకి పోవడం అనుకుంటారు. డి సికా విషయంలో అది అబద్ధం. ‘బైసికిల్ థీవ్స్’ స్క్రీన్‌ప్లే మీద జవట్టినీతో పాటు సూసో చెక్కి దామికో సహా అరడజను మంది పనిచేశారు. మూలం లుయిజి బార్తొలీని 1946లో రాసిన నవల, కానీ దాంట్లోంచి మిగిలింది పేరూ, సైకిలూ. కెమెరామన్ కార్లో మొంతువోరి మూకీల కాలం నుంచి పనిచేస్తున్న పాత కాపు. వీధిలో జనం అలా ఊరికే పోతున్నట్టు కనిపించే షాట్లలో ఎవరెప్పుడు ఎటు నడవాలో ముందే కూర్చుకున్నదే. ‘ఉంబెర్టో డి’లో ఆ అద్దె ఇంటి లోపలి భాగం స్టూడియో సెట్టు. బూట్లు పాలిష్ చేసే ఇద్దరు పిల్లల కథ ‘షూషైన్’లో చివరి వంతెన దృశ్యం జాగ్రత్తగా చూస్తే సెట్టని మీకే తెలిసిపోతుంది, సినిమాలో కాస్త అతకనిదీ అదే.

ఇక మనుషుల సంగతి. మొదట మొహం కాదు, నడక చూసేవాడు. ‘బైసికిల్ థీవ్స్’లో పోయిన సైకిల్ కోసం కొడుకుతో కలిసి వెతికే తండ్రి వేషం వేసిన లాంబెర్టో మజ్జొరానీ రోములోని ఫ్యాక్టరీ కార్మికుడు. కొడుకును పిల్లాడి వేషానికి పరీక్ష చేయించడానికి తీసుకొస్తే డి సికా కన్ను తండ్రి మీద పడింది. కొడుకు వేషం వేసిన ఎంజో స్తయోలాను నటించమనలేదు, నడవమన్నాడు. పొడుగు కాళ్లతో అంగలేసే తండ్రి, పక్కన రెండడుగులకోసారి పరుగందుకునే పిల్లాడు. సినిమాలో సగం కథ ఆ రెండు నడకల మధ్య దూరంలోనే ఉంది. తండ్రికి కోపమొస్తే దూరం పెరుగుతుంది, దిగులొస్తే తగ్గుతుంది. రెండోసారి చూసేటప్పుడు సబ్‌టైటిల్స్ ఆపేసి కాళ్లు మాత్రమే చూడండి, కథంతా అర్థమవుతుంది.

రెండోది, ఆయన చెప్పేవాడు కాదు, చేసి చూపించేవాడు. ప్రతి వేషాన్నీ తానే వేసి చూపి, ఆ చేష్టను మాత్రం అవతలివాడికి అప్పగించేవాడు. నాటకాల్లో ఇరవై ఏళ్లు నలిగినవాడికే ఇది చేతనవుతుంది. మనసులో ఏముందో వివరిస్తే కొత్తవాళ్లు బిగుసుకుపోతారు. ‘టోపీ తీసుకో, ఇలా దులుపు’ అంటే చేస్తారు. చేతికి పని దొరికితే మొహం దానంతట అదే సర్దుకుంటుంది.

మూడోది మన సినిమా వాళ్లకు బాగా తెలిసిన సంగతే: డబ్బింగ్. ఇటలీలో ఆ రోజుల్లో మాటలు తర్వాత స్టూడియోలో కలిపేవారు. షాట్ నడుస్తున్నప్పుడు దర్శకుడు పక్కనుంచి ‘తల ఎత్తు, ఇటు చూడు, ఆగు’ అని చెప్తూ ఉండొచ్చు, నటుడికి డైలాగ్ గుర్తుంచుకునే బెంగ లేదు. సింక్ సౌండ్‌తో, అంటే షాట్‌తో పాటే మాటలూ రికార్డు చేస్తూ, కొత్తవాళ్లను పెట్టి ఇదే రకం సినిమా తీయబోయి బోల్తా పడేది ఇక్కడే. డి సికా దగ్గర నేర్చుకున్నామంటారు గానీ ఆయనకున్న ఈ వెసులుబాటు లెక్కలోకి తీసుకోరు.

నాలుగోది చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. పిల్లాడు ఏడవాల్సిన చోట ఏడవకపోతే, జేబులో సిగరెట్ పీకలు పెట్టి ‘పీకలేరుకునేవాడా’ అని అందరి ముందూ ఎగతాళి చేసి ఏడిపించాడని చెప్తారు. ఫలితం తెర మీద అద్భుతం. ఈ రోజు ఏ సెట్టులోనైనా అలా చేస్తే ఒప్పుకోం, ఒప్పుకోకూడదు కూడా.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. ఇలా దొరికిన మనిషి ఆ ఒక్క వేషానికే సరిపోతాడు. మజ్జొరానీ సినిమా అయ్యాక ఫ్యాక్టరీకి తిరిగి వెళ్తే ఉద్యోగం ఎక్కువ రోజులు నిలవలేదు. చిన్నాచితకా వేషాలతో కాలం గడిపాడు గానీ మళ్లీ అంతటి పాత్ర దొరకలేదు. ‘షూషైన్’ ఇద్దరు పిల్లల్లో ఫ్రాంకో ఇంటర్‌లెంగి మాత్రం నిజంగానే నటుడై నిలబడ్డాడు. అదీ ప్రతిభకన్నా అదృష్టమే ఎక్కువనిపిస్తుంది.

‘బైసికిల్ థీవ్స్’కు డబ్బు కోసం తిరిగినప్పుడు అమెరికా నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ ముందుకొచ్చాడు, తండ్రి వేషానికి కేరీ గ్రాంట్‌ను పెట్టుకోమన్నాడు. డి సికా ఒప్పుకోలేదు, చివరికి ఇటలీలోనే పెట్టుబడి కూడగట్టుకున్నాడు. కేరీ గ్రాంట్ సైకిల్ పోతే ఇంకో సైకిల్ కొనుక్కుంటాడని చూసేవాడికి తెలుసు కదా! తెర మీద ఆ తండ్రి, సైకిల్ పోయే ముందు గోడకు అంటిస్తున్నది రీటా హేవర్త్ బొమ్మ ఉన్న హాలీవుడ్ పోస్టరు. మైదా పూసి, బ్రష్షుతో ముడతలు సరిచేస్తుంటే వెనక సైకిల్ పోతుంది. ఆ చురక సెల్జ్‌నిక్‌కు అందిందో లేదో!

దగ్గరి నుంచి చూడాల్సిన రెండు చోట్లు

రెండూ ‘ఉంబెర్టో డి’లోనివే. నన్నడిగితే డి సికా శిఖరం 1948 నాటి ‘బైసికిల్ థీవ్స్’ కాదు, 1952 నాటి ఈ సినిమా.

మొదటిది వంటింటి దృశ్యం. పనిపిల్ల మరియా పొద్దున్నే నిద్ర కళ్లతో లేచి వంటింట్లోకొస్తుంది. గోడకు అగ్గిపుల్ల గీసి పొయ్యి వెలిగిస్తుంది. కిటికీలోంచి ఎదుటి కప్పు మీద పిల్లిని చూస్తుంది. గోడ మీద చీమలు. కాఫీ గింజలు మరలో వేసి తిప్పడానికి కూర్చుని, లేవడానికి బద్ధకమేసి, కాలు బారచాపి బొటనవేలితో తలుపు మూస్తుంది. మధ్యలో కడుపు మీద చెయ్యి పెట్టుకుంటుంది. పెళ్లి కాకుండానే గర్భవతి అని మనకు ముందే తెలుసు. ఒక్క మాట లేదు. కథ అంగుళం కదలదు. మామూలు సినిమాలో ఎడిటర్ కత్తెర వేసే భాగమే ఇక్కడ దృశ్యమంతా. ఫ్రెంచి విమర్శకుడు ఆంద్రె బజాఁ ఈ కాలితో తలుపు మూయడాన్నే ప్రత్యేకంగా ఎత్తి చూపాడు.

రెండోది చెయ్యి చాచడం. పదిహేను వేల లీరాల అద్దె బాకీ తీర్చకపోతే ఇల్లుగలామె గెంటేస్తానంటోంది. ఉంబెర్టో రోములో పాంథియన్ స్తంభాల దగ్గర నిలబడి అడుక్కోవాలని నిశ్చయించుకుంటాడు. చెయ్యి మెల్లగా చాస్తాడు. దారిన పోయే మనిషి ఆగి డబ్బు తీస్తాడు. ఆ క్షణంలో ఉంబెర్టో చెయ్యి తిరగేస్తాడు, వానచినుకు పడుతోందా అని చూస్తున్నట్టు. ఆ మనిషి వెళ్లిపోతాడు. తర్వాత కుక్క నోటికి టోపీ అందించి నిలబెట్టి తను స్తంభం చాటున దాక్కుంటాడు. తెలిసినవాడు ఎదురయ్యేసరికి కుక్క ఆడుకుంటోందని నవ్వేస్తాడు. ‘ఇల్ సిన్యోర్ మాక్స్’లో పెద్దమనిషి వేషం కట్టిన కుర్రాడే ఇలా ముసలివాడయ్యాడనిపిస్తుంది.

ఆ వేషం వేసిన కార్లో బత్తిస్తీ నటుడు కాదు, ఫ్లోరెన్సులో భాషాశాస్త్ర ప్రొఫెసరు. సినిమాను డి సికా తన తండ్రికి అంకితమిచ్చాడు. పేరు కూడా తండ్రిదే.

ఆ సినిమా ఆడలేదు. పైగా సినిమా వ్యవహారాలు చూసే ప్రభుత్వ ఉపకార్యదర్శి జూలియో ఆంద్రెయోత్తి పత్రికలో బహిరంగంగా విమర్శించాడు: లోకమంతా ఇరవయ్యో శతాబ్దపు ఇటలీ అంటే ఇదే అనుకుంటే డి సికా దేశానికి చెడు సేవ చేసినట్టేనన్నది సారాంశం. ఇంటి గుట్టు లంకకు చేటు అన్న బాపతు. మనకిది కొత్త కాదు. సత్యజిత్ రాయ్ దేశ దారిద్ర్యాన్ని విదేశాలకు ఎగుమతి చేస్తున్నాడని రాజ్యసభ సభ్యురాలిగా ఉన్న నర్గీస్ అన్నది ఇలాంటి మాటే. తేడా ఏమిటంటే ఆంద్రెయోత్తి చేతిలో అధికారం ఉంది. 1949లో ఆయన పేరు మీద వచ్చిన చట్టం ప్రకారం సినిమాలకు రుణాలూ, రాయితీలూ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. నియోరియలిజాన్ని ఎవరూ నిషేధించలేదు, డబ్బు దొరకడం కష్టం చేశారు. అదొక్కటే కారణం కాదనుకోండి. యుద్ధం ముగిసి ఏడేళ్లయింది, ఇటలీ జనం థియేటర్లో తమ ఇంటి పేదరికాన్నే మళ్లీ చూడాలనుకోలేదు.

డబ్బు సంగతి: ఎక్కడ సంపాదించాడు, ఎక్కడ పోగొట్టాడు

1953లో డి సికా రెండు వేషాలు వేశాడు, రెండూ చూడండి. మాక్స్ ఓఫుల్స్ ‘మదామ్ ద...’లో బారన్ డొనాతి. చేతి తొడుగు తీసే తీరు, నాట్యంలో అడుగు వేసే తీరు చూస్తే ఈ మనిషే మురికివాడల సినిమాలు తీశాడంటే నమ్మం. రెండోది లుయిజి కొమెంచీనీ ‘రొట్టె, ప్రేమ, ఊహ’. అందులో జీనా లొల్లొబ్రిజిదా వెంటపడే నడివయసు పల్లెటూరి పోలీసు అధికారి వేషం. అది ఇటలీని ఊపేసింది, దానికి వరస సినిమాలొచ్చాయి. 1957లో ‘ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్’ వేషానికి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది.

ఇన్ని వేషాలెందుకయ్యా అంటే రెండు కారణాలు. తన సినిమాలకు పెట్టుబడి దొరకకపోవడం ఒకటి. రెండోది జూదం. కాసినోల్లో విపరీతంగా పోగొట్టేవాడు, ఆ సంగతి దాచుకోలేదు కూడా. దానికి తోడు రెండు సంసారాలు. మొదటి భార్య నటి జుదిత్తా రిస్సొనె, తర్వాత స్పానిష్ నటి మరియా మెర్కాదెర్. అప్పట్లో ఇటలీలో విడాకులు లేవు, కాబట్టి 1968లో ఫ్రెంచి పౌరసత్వం తీసుకుని మెర్కాదెర్‌ను పెళ్లాడాడు.

ఆ జూదాన్ని ఆయన తెర మీదకే తెచ్చాడు. 1954లో తీసిన ‘నేపుల్స్ బంగారం’లో ఆరు చిన్న కథలున్నాయి. ఒకదాంట్లో తనే జూదగాడైన దొర వేషం వేశాడు. భార్య ఆయన చేతికి పైసా ఇవ్వదు. దాంతో వాచ్‌మన్ కొడుకును, ఎనిమిదేళ్ల పిల్లాణ్ణి కూర్చోబెట్టి పేకాడతాడు. పిల్లాడికి ఆట మీద ధ్యాస లేదు, బయట దోస్తులు పిలుస్తున్నారు. అయినా ప్రతి పందెమూ వాడే గెలుస్తాడు. దొరగారు చెమటలు కక్కుతూ, కోటు పందెం పెడుతూ, ఆఖరికి పసివాడి మీద అరుస్తూ... తన బలహీనతను తనే ఇంత నిర్దాక్షిణ్యంగా ఆడి చూపిన దర్శకులు తక్కువ.

1959లో రోబెర్తో రొస్సెల్లీనీ తీసిన ‘జనరల్ దెల్లా రోవెరె’ నటుడు డి సికాకు శిఖరం. యుద్ధకాలంలో ఖైదీల బంధువుల దగ్గర డబ్బు గుంజి పేకాటలో పోగొట్టే చిల్లర మోసగాడు. జర్మన్లు వాణ్ణి పట్టుకుని, చనిపోయిన ప్రతిఘటన నాయకుడి పేరుతో జైల్లో పెడతారు, లోపలి రహస్యాలు తెలుసుకురమ్మని. వేషం వేస్తూ వేస్తూ ఆ మోసగాడు నిజంగానే జనరల్ అయిపోతాడు, చివరికి తుపాకుల ముందు నిలబడతాడు. వెనిస్‌లో గోల్డెన్ లయన్ (మరో సినిమాతో కలిపి) వచ్చింది. నియోరియలిజం పెద్దలిద్దరూ, ఒకరు కెమెరా వెనకా ఒకరు ముందూ. మీ ‘అమ్ముడుపోయాడా’ ప్రశ్నకు ఈ ఒక్క సినిమా చాలు: వేషం వేసినంత మాత్రాన మనిషి అబద్ధం కాడు.

సోఫియా లారెన్ కాలం

అంతా ఒకే గాటన కట్టకండి. ‘టూ విమెన్’ (1960) గట్టి సినిమా. అల్బెర్తో మొరావియా నవల. మొదట తల్లి వేషానికి అన్నా మన్యానీని, కూతురు వేషానికి లారెన్‌ను అనుకున్నారు. మన్యానీ కాదనడంతో ఇరవై ఐదేళ్ల లారెనే తల్లి అయింది, కూతురు వయసు తగ్గించారు. ఆస్కార్‌లో ఉత్తమ నటి అయింది, ఇంగ్లీషు కాని భాషలో నటించి ఆ బహుమతి గెలవడం అదే మొదటిసారి. ఇక్కడ కూడా డి సికా ప్రతి కదలికా చేసి చూపాడు. ఫ్యాక్టరీ కార్మికుడి మీద పనిచేసిన పద్ధతే స్టార్ మీదా పనిచేసింది.

‘ఎస్టర్‌డే టుడే అండ్ టుమారో’ (1963)లో మొదటి కథ నేపుల్స్‌లో దొంగ సిగరెట్లు అమ్ముకునే ఆడమనిషిది. గర్భిణిని జైల్లో పెట్టకూడదు కాబట్టి జైలు తప్పించుకోవడానికి వరసగా పిల్లల్ని కంటూ పోతుంది. భర్త అలిసిపోతాడు! ఇది నవ్వించే సినిమా, కానీ ముడిసరుకు ‘షూషైన్’దే: ఆకలి, చట్టం, వీధి. విదేశీ చిత్రాల ఆస్కార్ దీనికొచ్చింది. ‘మ్యారేజ్ ఇటాలియన్ స్టైల్’ (1964) కూడా బాగుంటుంది. ఇంకో తమాషా, 1966 నాటి ‘ఆఫ్టర్ ది ఫాక్స్’. అందులో పీటర్ సెల్లర్స్ వేసిన దొంగ, నియోరియలిస్టు దర్శకుడి వేషం కట్టి ఊరంతటినీ బురిడీ కొట్టిస్తాడు. డి సికా కాసేపు డి సికాగానే కనిపిస్తాడు. సినిమా అంతంతమాత్రం, కానీ తనను తాను ఇలా ఎగతాళి చేసుకోవడానికి దమ్ము కావాలి.

బలహీనమైనవి: 1960ల రెండో సగంలో విదేశీ స్టార్లతో తీసినవి చాలామటుకు. ‘సన్‌ఫ్లవర్’ (1970)కు అభిమానులున్నారు గానీ నాకది కన్నీళ్లు పిండే సినిమాగానే అనిపిస్తుంది. అదే ఏడాది వచ్చిన ‘ఫింజీ–కొంతీనీల తోట’ మాత్రం తప్పకుండా చూడాల్సిందే. ఫెర్రారా ఊళ్లో గోడల వెనక టెన్నిస్ ఆడుకుంటున్న యూదు కుటుంబం, బయట ఒక్కొక్కటే బిగుసుకుంటున్న జాతి చట్టాలు. బెర్లిన్‌లో గోల్డెన్ బేర్, తర్వాత ఆయనకు నాలుగో ఆస్కార్. మొదటి రెండూ ‘షూషైన్’, ‘బైసికిల్ థీవ్స్’లకు ఇచ్చిన ప్రత్యేక బహుమతులు. 1974 నవంబరు 13న పారిస్ పక్కన నెయ్యీలో కన్నుమూశాడు.

ఏ వరుసలో చూడాలి

‘బైసికిల్ థీవ్స్’ చూసేశారు కాబట్టి తర్వాత వెంటనే ‘ఉంబెర్టో డి’ వద్దు. రెండూ వరసగా చూస్తే మనసు బరువెక్కి మూడోది ముట్టుకోరు. నేను చెప్పే వరుస: ముందు ‘నేపుల్స్ బంగారం’, తర్వాత ‘షూషైన్’, ఆ తర్వాత ‘మిరకిల్ ఇన్ మిలాన్’. ఇది 1951 నాటిది. పేదలు చివరికి చీపురుకట్టలెక్కి మిలాన్ కేథడ్రల్ మీదుగా ఎగిరిపోయే జానపద కథ లాంటి సినిమా, కాన్‌లో పెద్ద బహుమతి కొట్టింది. అది చూశాక నియోరియలిజం అంటే బూడిదరంగు దుఃఖమే అన్న భ్రమ పోతుంది. అప్పుడు ‘జనరల్ దెల్లా రోవెరె’. అప్పుడు ‘ఉంబెర్టో డి’. తర్వాత ‘టూ విమెన్’, ‘తోట’. ‘ఇంటికప్పు’ (1956) ఎవరూ చెప్పరు గానీ చూడండి. పొద్దు పొడిచేలోగా కప్పు వేసేస్తే పోలీసులు ఖాళీ చేయించలేరన్న నిబంధన ఆసరాతో ఒక కొత్త జంట రాత్రికి రాత్రి ఇల్లు కట్టుకుంటుంది. ఇటుకలు, సున్నం, గడియారం, అంతే కథ. పోరంబోకు స్థలంలో రాత్రికి రాత్రి గుడిసె వేసుకున్నవాళ్లను చూసినవాడెవడికీ దీనికి వివరణ అక్కర్లేదు.

ప్రింటు ఎంచుకునేటప్పుడు కొన్ని జాగ్రత్తలు.

‘స్తాత్సియోనె తెర్మిని’ (1953) రెండు రకాలుగా దొరుకుతుంది. సెల్జ్‌నిక్ డబ్బుతో, జెన్నిఫర్ జోన్స్, మాంట్‌గొమరీ క్లిఫ్ట్‌లతో తీసింది. డి సికా కూర్పు గంటన్నర. సెల్జ్‌నిక్ దాన్ని గంట చిల్లరకు కోసేసి ఇంకో ఇంగ్లీషు పేరుతో విడుదల చేశాడు. రైల్వే స్టేషన్లో తిరిగే మామూలు జనం షాట్లు పోయాయి, అంటే డి సికా పోయాడు. నిడివి చూసుకుని ఎంచుకోండి.

‘నేపుల్స్ బంగారం’ విదేశీ ప్రింట్లలో కొన్ని కథలు తీసేశారు. ఆరూ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. ముఖ్యంగా చనిపోయిన పిల్లాడి శవయాత్ర కథ ఉండాలి.

ఇంగ్లీషు డబ్బింగ్ వెర్షన్ల జోలికి పోవద్దు. ఇటాలియన్ కూడా డబ్బింగే కదా అంటారు, నిజమే, కానీ అది డి సికా దగ్గరుండి చేయించింది. యాసలు అందులోనే ఉన్నాయి.

పేరు విషయం: అమెరికాలో మొదట ‘బైసికిల్ థీఫ్’ అని ఏకవచనంలో వదిలారు. ఇటాలియన్ పేరు బహువచనం. చివర్లో తండ్రి కూడా దొంగతనానికి చెయ్యి చాస్తాడు కాబట్టి ఆ బహువచనం ముఖ్యం. అమెరికాలో సెన్సారు కోడ్ వాళ్లు పిల్లాడు మూత్రానికి గోడ దగ్గర నిలబడే దృశ్యమూ, వేశ్యాగృహంలోకి తరిమే దృశ్యమూ తీసేయమన్నారు. పంపిణీదారు జోసెఫ్ బర్‌స్టిన్ కుదరదని, కోడ్ ముద్ర లేకుండానే ఆడించాడు.

మన దేశంతో సంబంధం గురించి కూడా అడిగారు. ఉంది. 1950లో సత్యజిత్ రాయ్ లండన్‌లో ‘బైసికిల్ థీవ్స్’ చూశాడు, ‘పథేర్ పాంచాలి’ని స్టార్లు లేకుండా, అసలు ఊళ్లోనే తీయాలన్న నిశ్చయం అక్కడ గట్టిపడింది. 1952లో మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం బొంబాయిలో మొదలై మద్రాసు సహా మరికొన్ని నగరాలకు తిరిగింది. ఇటలీ సినిమాలు అందులో పెద్ద సంచలనం. అప్పుడు తెలుగు సినిమా కాపురం మద్రాసులోనే కాబట్టి మనవాళ్లకూ ఆ తెర అందుబాటులోకొచ్చింది. మరుసటి ఏడాదే బిమల్ రాయ్ ‘దో బీఘా జమీన్’ వచ్చింది. అందులో కలకత్తా వీధిలో రిక్షా లాగే తండ్రినీ, బూట్లు పాలిష్ చేసే కొడుకునూ చూస్తే ‘బైసికిల్ థీవ్స్’, ‘షూషైన్’ రెండూ ఒకేసారి గుర్తుకొస్తాయి.

ఈ వారాంతంలో ఒక్కదానికే తీరిక ఉందంటే ఆ పేకాట కథతో మొదలుపెట్టండి, కొద్ది నిమిషాలే. పిల్లాడి మొహం చూడండి, ముక్కలు వేసేటప్పుడు వాడు ఎటు చూస్తున్నాడో గమనించండి. ఎదురుగా కూర్చుని వాడితో అలా చేయించిన మనిషే, అదే షాట్లో, తన వేషం తాను వేస్తూ ఉన్నాడు.